సగమే చేరిన పాట

ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వయసున్న తెలుగువాళ్లను బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ టైటిల్ సాంగ్ పాడమంటే చాలామంది దాదాపు ఒకే తీరుగా పాడతారు. మహేంద్ర కపూర్ గొంతులోని ఆ గంభీరమైన ఎత్తుగడను బాగానే అందుకుంటారు. ‘కథ’ అన్న మాట, ‘పురుషార్థం’లా వినిపించే ఇంకో మాట పట్టుకుంటారు. ఆ వెంటనే మాటలు జారిపోయి రాగం ఒక్కటే మిగులుతుంది. ‘యదా యదా హి ధర్మస్య’ దగ్గరికి రాగానే గొంతు మళ్లీ నిలదొక్కుకుంటుంది, శ్లోకం పొల్లుపోకుండా బయటికి వస్తుంది. 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా ఆదివారం ఉదయాల్లో, అదే టీవీలోంచి, ఈ రెండు భాగాలనూ సమానంగానే విన్నారు. ఒకటి నిలిచింది, రెండోది జారింది.

ఎందుకంటే శ్లోకం అప్పటికే ఇంట్లో ఉంది. 1974లో కన్నుమూసే ముందు ఘంటసాల పాడిన భగవద్గీత తెలుగు ఊళ్లలో గుడి మైకుల్లోంచి, ఇళ్లలో రికార్డుల్లోంచి, తర్వాత క్యాసెట్లలోంచి వినిపిస్తూనే ఉంది. శ్లోకం వెంట తెలుగు తాత్పర్యం కూడా చెవిన పడేది. టీవీలో వచ్చిన శ్లోకం ఈ పాత పరిచయం మీద వచ్చి కూర్చుంది. హిందీ చరణాలకు అలాంటి పరిచయం ఏదీ లేదు, అవి వచ్చినట్టే వెళ్లిపోయాయి.

చిన్ననాటి టీవీ పాట సగమే గుర్తున్నప్పుడు సాధారణంగా మతిమరుపును నిందిస్తాం. ఏళ్లు గడిచాయి, మాటలు చెరిగిపోయాయి అనుకుంటాం. చాలా సందర్భాల్లో ఈ లెక్క తప్పు. ఆ పాట మనకు మొదటే సగం చేరింది. చేరిన ఆ సగాన్ని మనసు ఆశ్చర్యం కలిగించేంత భద్రంగా దాచింది. ఏది చేరింది, ఏది చేరలేదు అన్నది చూస్తే, ఆ కాలంలో తెలుగు ఇళ్లకు టీవీ ఎలా వచ్చిందో, పిల్లలు దాన్ని ఎక్కడ కూర్చుని, ఏ భాష చెవులతో విన్నారో తెలుస్తుంది.

సినిమా పాటతో పోల్చి చూస్తే విషయం స్పష్టమవుతుంది. సినిమా పాట మన దగ్గరికి ఒక్క దారిలో రాలేదు. హాలు బయట పాటల పుస్తకం అమ్మేవారు. అందులో కథ కొంత చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేసి, వెనక పాటల సాహిత్యం మొత్తం అచ్చు వేసేవారు. రాసినవారి పేరు, పాడినవారి పేరు ఉండేవి. ఆ తర్వాత రేడియోలో వివిధ భారతి, జనరంజని. పెళ్లిలో మైక్‌సెట్టు. వినాయక చవితి పందిరి. బస్సులో టేప్‌రికార్డర్. కాలేజీలో అంత్యాక్షరి. ఒక మాట సరిగ్గా వినపడకపోతే నెల తిరిగేలోపు ఇంకో చోట వినపడేది, అదీ కుదరకపోతే పుస్తకంలో చూసుకోవచ్చు. తప్పుగా పాడితే పక్కనున్నవాళ్లు సరిచేసేవారు.

టీవీ పాటకు సాధారణంగా ఈ దారుల్లో ఒక్కటి కూడా లేదు. వారానికి ఒకసారి, ఒక నిమిషమో నిమిషంన్నరో వచ్చేది. అది కూడా పేర్లు పడుతున్నప్పుడు. ఇంట్లో పెద్దవాళ్ల దృష్టిలో అది ‘ఇంకా మొదలవలేదు’ అనే సమయం. సరిగ్గా అప్పుడే ఒకరు మంచినీళ్లు తెమ్మనేవారు, ఇంకొకరు చాప పరిచేవారు, పిల్లల్లో ఎవరో ఒకరు ‘వచ్చేసింది, వచ్చేసింది’ అంటూ వీధిలోకి కేక పెట్టేవారు. ఆ కేక విని పరుగెత్తుకొచ్చినవాళ్లకు పాట చివర మాత్రమే దొరికేది. కేక పెట్టినవాళ్లకు మొదలు మాత్రమే దొరికేది. సీరియల్ ఆగిపోయాక పాట కూడా ఆగిపోయింది. అలాంటి చాలా పాటలకు క్యాసెట్టు రాలేదు, పుస్తకం రాలేదు, రేడియోలో ఎవరూ కోరి వినిపించుకోలేదు.

సగం జ్ఞాపకానికి ఇంత మామూలు కారణం ఉందని చెబితే కొందరికి రుచించకపోవచ్చు. కానీ ఇది ముఖ్యమైన కారణం. మనసు లోపల జరిగేదాని గురించి మాట్లాడేముందు, మనసుకు అసలు ఎంత అందిందో చూడాలి.

తెలుగు నేల మీద టీవీ వచ్చిన తీరు కూడా ఈ ముక్కల జ్ఞాపకాలకు తగినట్టే ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. ఉదయం పూట బడిపిల్లల కోసం కార్యక్రమాలు వచ్చేవి, తెలుగులోనూ వచ్చేవి. ఏడాది తిరిగాక ఉపగ్రహం పక్కకు జరిగింది, ఆ ప్రసారాలు ఆగిపోయాయి. అంటే తెలుగు పల్లెల్లో టీవీ చూసిన మొదటి పిల్లలకు టీవీ అంటే ఒక ఏడాది వచ్చి వెళ్లిపోయిన వస్తువు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం, దానితో పాటే రంగులు వచ్చాయి. అప్పటి నుంచి సాయంత్రం కాస్త తెలుగు, రాత్రి ఢిల్లీ నుంచి హిందీ, ఇంగ్లిషు. ఆదివారం ఉదయమంతా హిందీ. పిల్లలు అన్నిటికన్నా ఇష్టంగా చూసిన గంటల్లోనే భాష పరాయిది.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే తెలుగు పిల్లల విషయంలో సగం జ్ఞాపకం మిగతా చోట్ల కంటే భిన్నంగా ఉండటానికి ఇదే కారణం.

తెలియని భాషలో పాట వింటున్నప్పుడు ఒక మాట ఎక్కడ ముగిసిందో, ఇంకో మాట ఎక్కడ మొదలైందో తెలియదు. ధ్వని ఆగకుండా సాగుతుంటుంది. చెవి దాన్ని తనకు అలవాటైన పద్ధతిలో ముక్కలు చేసుకుంటుంది. తెలుగు అజంత భాష, మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. హిందీ మాటలు హల్లుతో ఠక్కున ఆగిపోతాయి. అందుకే తెలుగు పిల్లల నోట్లో ఆ హిందీ పాటల ప్రతి మాట చివరా ఒక ‘ఉ’కారమో ‘ఎ’కారమో వచ్చి చేరింది. ఒత్తులు కొన్ని పోయాయి. రెండు మాటలు కలిసి ఒక మాటయ్యాయి. ఆ కలిసిన మాటకు తెలుగులో ఏదో పోలిక దొరికితే, ఆ పోలికే స్థిరపడిపోయింది. ఇదంతా పాట విన్న మొదటి రోజే జరిగిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పాటను అవే శబ్దాలతో పాడే మనిషి ఏదీ మర్చిపోలేదు. ఎనిమిదేళ్ల వయసులో తన చెవికి అందినదాన్ని అందినట్టే తిరిగి చెబుతున్నాడు.

మాటలను నిలబెట్టేవాటిలో అర్థం ఒకటి, ప్రాస ఇంకొకటి, లయ మరొకటి. మౌఖిక సంప్రదాయాల్లో జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో 1995లో ఒక పుస్తకంలో వివరించిన డేవిడ్ రూబిన్ చెప్పింది ఇదే. ఒక్కో నిబంధన విడిగా చూస్తే బలహీనమైనదే, కానీ అన్నీ కలిస్తే ఆ చోట ఇంకో మాట పట్టదు. తెలుగువాళ్లకు దీన్ని వివరించడానికి దూరం వెళ్లక్కర్లేదు. సుమతీ శతకంలో పద్యం మధ్యలో మాట తట్టకపోతే పిల్లలు ఏం చేస్తారు? పాదంలో రెండో అక్షరం ఏమిటో వాళ్లకు తెలుసు, ఎందుకంటే కందంలో నాలుగు పాదాలకూ అదే ప్రాస. ఆ అక్షరాన్ని పట్టుకుని, నడకను పట్టుకుని, నీతి ఏమిటో గుర్తుంచుకుని, మాటను తిరిగి తెచ్చుకుంటారు. హిందీ టీవీ పాట విషయంలో ఈ మూడింటిలో లయ ఒక్కటే చేతికి దొరికింది. అర్థం లేదు. ప్రాస ఉన్నా అది ఏ మాట చివర ఉందో తెలియదు. లయ ఒక్కదాని మీద మాటలు ఎంతకాలం నిలుస్తాయి?

అర్థం వేరే దారిలో అందినప్పుడు పరిస్థితి ఎలా మారుతుందో చూపడానికి మంచి ఉదాహరణ ఉంది. 1974లో ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ కోసం విజయా ములే తీసిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ అనే చిన్న యానిమేషన్ చిత్రం. బొమ్మలు గీయించింది భీమ్‌సైన్, సంగీతం వసంత్ దేశాయ్, పాడింది అప్పటికి చిన్నపిల్ల అయిన సాధనా సర్గమ్. దూరదర్శన్‌లో సమయం మిగిలినప్పుడల్లా వేసేవారు. ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి పిల్లలకు అది పండగ. ఇందులో పక్షులు గింజల కోసం వాలి వలలో చిక్కుకుంటాయి, అన్నీ కలిసి వలతో సహా ఎగురుతాయి, ఎలుకలు వల కొరికి విడిపిస్తాయి. ఈ కథ తెలుగు పిల్లలకు కొత్తది కాదు. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం మొదట్లోనే పావురాల రాజు చిత్రగ్రీవుడు, ఎలుక హిరణ్యకుడు ఉన్నారు. బడిలో ఆ పాఠం చదివినవాళ్లూ, నాయనమ్మ నోట ఆ కథ విన్నవాళ్లూ బొమ్మలు చూస్తూనే పాటలో ఇప్పుడు ఏం జరుగుతోందో తెలుసుకున్నారు. అందుకే హిందీ రానివాళ్లు కూడా ఈ పాటను వరస తప్పకుండా చెప్పగలరు. మొదట ఒక పిట్ట, తర్వాత చాలా పిట్టలు, తర్వాత గింజలు, వల, ఎగరడం, ఎలుకలు. మాటలు అక్కడక్కడ ఖాళీగా ఉన్నా నిర్మాణం చెదరలేదు.

దీనికి పూర్తిగా అవతలి వైపు ‘మాల్గుడి డేస్’ ఉంది. శంకర్ నాగ్ తీసిన ఆ సీరియల్‌కు ఎల్. వైద్యనాథన్ ఇచ్చిన టైటిల్ రాగంలో అర్థమున్న మాటలే లేవు, గొంతు ‘తాన నన’ అంటూ సాగుతుంది. 1980ల పిల్లల్లో ఆ రాగాన్ని సగమే గుర్తుంచుకున్నవాళ్లు అరుదు. గుర్తుంటే మొత్తం గుర్తుంటుంది. తెలుగు, కన్నడ, తమిళం, హిందీ ఏ ఇంటి పిల్లలైనా సరే, ఒకేలా పాడతారు. చేరాల్సినదంతా అందరికీ సమానంగా చేరిన అరుదైన టీవీ పాట అది. భాష అడ్డు లేనప్పుడు చిన్నప్పటి జ్ఞాపకం ఎంత గట్టిదో దాని వల్ల తెలుస్తుంది.

‘మిలే సుర్ మేరా తుమ్హారా’ది ఇంకో రకం. 1988 స్వాతంత్ర్య దినోత్సవం నాడు మొదటిసారి ప్రసారమైన ఈ పాట తెలుగు ఇళ్లలో ఒక నిరీక్షణగా గుర్తుంది. ఆరు నిమిషాల పాటలో తెలుగు వంతు కొన్ని క్షణాలే. తమిళం అయ్యాక, కన్నడం అయ్యాక వస్తుంది. తమిళ పంక్తి పాడిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టిన తెలుగువాడు కావడంతో, ఆయన తెర మీద కనబడగానే తెలుగు వంతు వచ్చేసిందని పిల్లలు అనుకోవడం సహజమే. ఈ పాటను ఇప్పుడు గుర్తు చేసుకుంటే చాలామందికి తెలుగు పంక్తి పూర్తిగా వస్తుంది, దానికి ముందూ వెనకా మసక. పద్నాలుగు భాషల ఈ పాటను ఏ భాషవాళ్లు ఆ భాష పంక్తి చుట్టూ కట్టుకుని దాచుకున్నారు. అందరూ కలిసి ఒకే పాట విన్నా, ఒక్కొక్కరి దగ్గర ఒక్కో పాట మిగిలింది. జాతీయ సమైక్యత కోసం చేసిన పాట ఇలా మిగలడం లోపమని ఈ వ్యాసం భావించడం లేదు. పంక్తి చిన్నదైనా ‘మనది’ వచ్చేదాకా టీవీ ముందునుంచి కదలకపోవడమే ఆ పాట సాధించిన పని.

ఇక మనసు లోపలి సంగతి.

రాగం, మాటలు జ్ఞాపకంలో పెనవేసుకునే ఉంటాయి, కానీ సమానంగా కాదు. పాటలో మూడో పంక్తి ఏమిటని అడిగితే ఎవరూ నేరుగా చెప్పలేరు, మొదటి పంక్తి నుంచి లోలోపల పాడుకుంటూ అక్కడికి రావాలి. ఒక్కో ముక్క తర్వాతి ముక్కను పిలుస్తుంది. మధ్యలో ఒక మాట లేకపోతే గొలుసు తెగాలి. కానీ రాగం తెగదు కాబట్టి, మాట లేని చోటును ‘లాలా’తో దాటేసి అవతల ఒడ్డున మళ్లీ మాటలు అందుకుంటాం. ఈ రాగం ఎంత కచ్చితమైనదో తెలిపే ప్రయోగం ఒకటుంది. డేనియల్ లెవిటిన్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, సంగీతంలో ప్రత్యేక శిక్షణ లేనివాళ్లను కూడా తమకు బాగా తెలిసిన పాటలను జ్ఞాపకం నుంచి పాడమన్నారు. చాలామంది అసలు రికార్డుకు దగ్గరి శ్రుతిలోనే పాడారు. వరస మాత్రమే కాదు, ఎత్తు కూడా నిలిచిందన్నమాట. పాత టీవీ రాగాన్ని ఎవరైనా హమ్ చేసినప్పుడు ‘అదే, అదే’ అని ఒళ్లు పులకరించడంలో ఈ కచ్చితత్వం పాత్ర ఉంది.

ఖాళీల విషయంలో మాత్రం మనసు ఇంత నిజాయితీగా ఉండదు. 1932లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తన పుస్తకంలో చూపించినట్టు, పరాయి సంస్కృతి కథను పదేపదే తిరిగి చెప్పమంటే, చెప్పేవాళ్లు అర్థం కాని భాగాలను వదిలేస్తారు, లేదా తమకు తెలిసినదానితో మార్చుకుంటారు. ఆ మార్పు వాళ్లకు తెలియదు. టీవీ పాటలకూ ఇదే వర్తిస్తుంది. ఒక సీరియల్ రాగానికి ఇంకో సీరియల్ మాటలు అతుక్కుంటాయి. పాట మధ్యలో సబ్బు ప్రకటన రాగం వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే రెండూ ఒకే సాయంత్రం వెంటవెంటనే వినబడేవి. అలా కలిసిన పాటను వెతికితే ఎక్కడా దొరకదు, ఆ రూపంలో అది ఎప్పుడూ ప్రసారం కాలేదు కాబట్టి.

‘ది జంగిల్ బుక్’ కార్టూన్ విషయంలో వెతుకులాట ఇంకోలా దారి తప్పుతుంది. మూలం జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ 1989లో మొదలుపెట్టిన 52 భాగాల సీరియల్. 1990ల మొదట్లో దూరదర్శన్‌కు హిందీలోకి మార్చినప్పుడు గుల్జార్ కొత్తగా పాట రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. జపాన్ మూలం తెరిచి చూసే మనిషికి అవే బొమ్మలు, అదే మోగ్లీ కనిపిస్తాడు, వినిపించేది పూర్తిగా వేరే పాట. చిన్నప్పటి నుంచి ఆ బొమ్మలతో ముడిపడిన రాగం అక్కడ లేకపోవడం చాలామందికి నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ కార్టూన్‌ను మనకు దగ్గర చేసింది ఇక్కడ కట్టిన బాణీయేనని ఆ బాధ చెబుతోంది. గుల్జార్ పదాల్లోని చమత్కారం అప్పట్లో తెలుగు పిల్లలకు అందకపోయినా, ఆ నడక మాత్రం బడి దారి పొడవునా వాళ్ల కాళ్లలో ఉంది.

ఒక రాగం కోసం ఇంత తపన ఎందుకు? నోస్టాల్జియా (గడిచినదాని మీద బెంగ) చరిత్రలో ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి మీద బెంగను ఒక జబ్బుగా వర్ణించాడు. స్విట్జర్లాండ్ నుంచి పరాయి సైన్యాల్లో పనిచేయడానికి వెళ్లినవారిలో ఇది ఎక్కువని ఆ కాలంలో నమ్మేవారు. 1768లో వచ్చిన తన సంగీత నిఘంటువులో తత్వవేత్త రూసో రాసిన మాట ఇంకా ఆసక్తికరం. పశువుల కాపరులు పాడే ఒక స్విస్ రాగాన్ని ఆ సైనికుల మధ్య పాడటం నిషేధించారని, అది వింటే వాళ్లు ఏడ్చేవారని, పారిపోయేవారని రాశాడు. అదే చోట ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రాగంలో విడిగా అంత గొప్పతనం ఏమీ లేదని, అది సంగీతంగా కాక జ్ఞాపకానికి గుర్తుగా పనిచేస్తుందని. రెండున్నర శతాబ్దాల నాటి ఈ పరిశీలన టీవీ టైటిల్ సాంగ్‌కు చక్కగా సరిపోతుంది.

టైటిల్ సాంగ్ చేసిన అసలు పని సమయం చెప్పడం. ఒకే చానెల్ ఉన్న రోజుల్లో ఆ రాగం మొదలైందంటే వీధిలో అందరికీ ఒకేసారి తెలిసేది. ఆట ఆగేది. టీవీ ఉన్న ఇంటి గుమ్మం ముందు చెప్పులు పోగయ్యేవి. శుక్రవారం సాయంత్రం చిత్రలహరికీ, ఆదివారం ఉదయానికీ వేర్వేరు రాగాలు, వేర్వేరు మనుషుల గుంపులు. ఆ రాగం ఇప్పుడు వినబడితే లేచేది పాట ఒక్కటే కాదు, ఆ గంట మొత్తం. మన వీధిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా లేస్తుంది. కాన్‌స్టాంటిన్ సెడికిడెస్, టిమ్ వైల్డ్‌షట్ వంటి పరిశోధకులు 2000ల నుంచి చేస్తున్న అధ్యయనాల్లో నోస్టాల్జియా జ్ఞాపకాల్లో మనిషి ఒంటరిగా ఉండటం తక్కువని, దగ్గరివాళ్లు చుట్టూ ఉంటారని, ఆ జ్ఞాపకం తర్వాత ‘నాకు మనుషులున్నారు’ అన్న భావన పెరుగుతుందని తేలింది. పాట కోసం వెతికేవాళ్లు పాటతో పాటు సాధారణంగా ఒక పేరు కూడా చెబుతారు. మేనత్త, పక్కింటి అక్క, ఇప్పుడు లేని తాతయ్య. ఊరు దాటి బెంగళూరుకో డాలస్‌కో వెళ్లినవాళ్లు ఆ రాగాన్ని రాత్రి పూట కుటుంబ వాట్సాప్ గ్రూపులో గొంతుతో రికార్డు చేసి పెట్టడంలో అడిగే ప్రశ్న పాట గురించే అయినా, కోరుకునే జవాబు అంతకన్నా పెద్దది.

కేబుల్ వచ్చాక ఈ స్థితి మారింది. 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక టైటిల్ పాటలు తెలుగులో, రోజూ వినబడటం మొదలైంది. 2001లో జెమినీలో మొదలైన ‘అమృతం’ పాటను సిరివెన్నెల రాశారు, కల్యాణీ మాలిక్ బాణీ కట్టి పాడారు. ఆ పాటను సగమే గుర్తుంచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉండరు. మాతృభాష, పేరున్న కవి, ఏళ్ల తరబడి ప్రసారం, తర్వాత యూట్యూబ్‌లో మళ్లీ మొత్తం. జ్ఞాపకశక్తి 1988 పిల్లలకూ 2001 పిల్లలకూ ఒకటే. పాట చేరిన తీరు వేరు.

యూట్యూబ్‌లో దొరికేవి ఎందుకు దొరుకుతున్నాయో, దొరకనివి ఎందుకు దొరకడం లేదో కూడా గమనించాలి. ‘ఏక్ అనేక్’ ఫిల్మ్ మీద తీసిన చిత్రం, ఒక ప్రభుత్వ సంస్థ భద్రపరిచిన చిత్రం. పెద్ద సీరియళ్లను నిర్మాతలు దాచుకున్నారు. 2020 లాక్‌డౌన్‌లో రామాయణ, మహాభారతాలను మళ్లీ ప్రసారం చేయగలిగారు, ఇలాంటి పాత కార్యక్రమాల కోసమే ఆ ఏప్రిల్‌లో డీడీ రెట్రో అనే చానెల్ కూడా పెట్టగలిగారు. స్టూడియోలో వీడియో టేపు మీద తీసిన చిన్న కార్యక్రమాల సంగతి అలా కాదు. టేపు ఖరీదైనది, చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. బీబీసీ లాంటి సంస్థే 1960ల నాటి ‘డాక్టర్ హూ’ సీరియల్ భాగాలను పదుల సంఖ్యలో పోగొట్టుకుంది. ప్రాంతీయ కేంద్రంలో ఒక సాయంత్రం పిల్లల కార్యక్రమం కోసం స్థానిక సంగీత మాస్టారు కట్టిన బాణీని దాచాలని అప్పట్లో ఎవరికి తోచి ఉంటుంది? ఫలితంగా మన సామూహిక జ్ఞాపకంలో ఢిల్లీ, బొంబాయి పాటలు మళ్లీ మళ్లీ విని బలపడుతున్నాయి. హైదరాబాద్ కేంద్రం తెలుగు పాటలు, అర్థమై మరీ విన్న పాటలు, తిరిగి వినే దారి లేక పలచబడుతున్నాయి. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా విచారించాల్సింది ఇదే. 2014 తర్వాత దూరదర్శన్ తెలుగు చానెళ్లలో సప్తగిరి విజయవాడకూ, యాదగిరి హైదరాబాద్‌కూ అయ్యాయి. ఆ పాత టేపుల్లో మిగిలినవాటిని ఏ కేంద్రం వెలికితీసినా రెండు రాష్ట్రాలవాళ్లూ వింటారు.

ఫోన్లో పాట పట్టి చూపే యాప్‌లు ఇక్కడ పెద్దగా సాయపడవు. షాజామ్ వంటివి రికార్డింగ్‌లోని ధ్వని ఆనవాళ్లను తమ దగ్గరున్న రికార్డింగులతో పోలుస్తాయి. గూగుల్ 2020లో తెచ్చిన హమ్మింగ్ సెర్చ్ గొంతులోంచి రాగాన్ని మాత్రమే విడదీసి పోల్చగలదు, ఇది మన అవసరానికి దగ్గరిదే. కానీ ఆ పాట వాళ్ల జాబితాలో ఉండాలి కదా. విడుదలే కాని పాట ఏ జాబితాలోనూ ఉండదు. మాటలతో వెతుకుదామంటే చెవికి అందిన తెలుగు-హిందీ శబ్దాలను ఇంగ్లిషు అక్షరాల్లో పదిమంది పది రకాలుగా రాస్తారు. అయినా ఆశ వదులుకోవాల్సిన పని లేదు. జర్మనీలో 1980ల్లో రేడియో నుంచి ఎవరో క్యాసెట్టులోకి ఎక్కించుకున్న ఒక పాటను ఎవరు పాడారో తెలియక ఏళ్ల తరబడి ప్రపంచమంతా వెతికారు. 2024 నవంబరులో ఎఫ్ఈఎక్స్ అనే బ్యాండ్‌దని తేలింది. ఆ వెతుకులాట సాధ్యమైందే ఒక ఇంట్లో చెరగకుండా మిగిలిన క్యాసెట్టు వల్ల. మన ఇళ్లలోనూ అటక మీద పెళ్లి క్యాసెట్ల మధ్య, టీవీ నుంచి వీసీఆర్‌లో ఎక్కించుకున్న ఆదివారాలు ఇంకా ఉండవచ్చు. వీహెచ్ఎస్ టేపు ఏళ్లు గడిచేకొద్దీ బూజు పట్టి పాడవుతుంది కాబట్టి ఆ పని త్వరగా చేయాలి.

అసలు పాట దొరికిన రోజున ఒక చిన్న నిరాశ తప్పదు. అది మన జ్ఞాపకంలో ఉన్నదానికన్నా పొట్టిగా, వేగంగా, కొంచెం బొంగురుగా ఉంటుంది. ఇంకో సంగతి, అసలును నాలుగుసార్లు వింటే మన పాత రూపం వెనక్కి వెళ్లిపోతుంది, తర్వాత దాన్ని తలచుకోవాలన్నా రాదు. గుర్తు చేసుకున్నప్పుడు జ్ఞాపకం తిరిగి రాసుకునే వీలుందని మెదడు శాస్త్రం చెబుతోంది. కాబట్టి వెతకడం మొదలుపెట్టే ముందు, ఎవరి సాయమూ లేకుండా, తప్పులతో సహా మన దగ్గరున్నదాన్ని ఫోన్లో పాడి దాచుకోవడం మంచిది. అక్కాతమ్ముళ్లు, అన్నాచెల్లెళ్లు అయితే ఒకరి ముందు ఒకరు కాక విడివిడిగా పాడాలి. అందరి పాటలోనూ ఒకేలా వచ్చిన చోట అసలు బాణీ ఉండే అవకాశం ఎక్కువ. తేడా వచ్చిన చోట అడగాల్సిన ప్రశ్న వేరు: ఆ రోజుల్లో టీవీ ముందు ఎవరు కూర్చునేవారు, వంటింట్లోంచి ఎవరు వినేవారు, వీధిలోంచి పరుగెత్తుకొచ్చేది ఎవరు.